సంరక్షకుడి నంబరు

మా ఊర్లో సుగ్గికి పోయేవాళ్ళు తలుపుకు తాళం వేసి, తాళం మీద ఒక తుమ్మకంప అడ్డం పెట్టి పోతారు. తాళం దొంగల కోసం, కంప మేకల కోసం. సుగ్గి అంటే వేరే ఊళ్ళలో కోతల కాలం కావచ్చు, మాకు మాత్రం వలస. జనవరి వస్తే చాలు, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి మా చర్చి వీధి వీధంతా లారీ ఎక్కుతుంది. మళ్ళీ ఈస్టర్‌కు దిగుతుంది. ఆ మూడు నెలలూ ముసలివాళ్ళు, చదువుకునే పిల్లలు, కుక్కలు మిగులుతాం. కుక్కలకన్నా మేమే తక్కువ అరుస్తాం.

పోయిన ఏడాది సుగ్గికి నాకు పదిహేడేళ్ళు. ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. నాకు నోరెక్కువ. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతాది మే జీవితా" అని మా అవ్వ విశ్వాసమ్మ రోజుకు నాలుగుసార్లు అనేది. ఊరే లేకుండా పోతాంటే ఇంక నోరు మంచిదై ఏం లాభం అవ్వా, అని నేను తిరిగి అంటించేదాన్ని.

లారీ వచ్చే ముందురోజు అమ్మ నన్ను తీసుకుని కాలేజీకి వచ్చింది. రిజిస్టర్‌లో సంరక్షకుడి నంబరు అని ఒక గడి ఉంటుంది. అందులో మా నాయన ఏసేపు నంబరు ఉండేది. నాయన ఫోను మిరపచేలల్లో పలకదు.

"మేము సుగ్గికి పోతాండాం సార్. ఆడ ఫోన్ పలకదు. పాపకు ఏమన్నా ఐతే ఈ పిల్లోనికి ఫోన్ చేయండి" అని అమ్మ ఒక చీటీ ఇచ్చింది.

గుమాస్తా అది చూసి రాసుకుంటూ, "పేరు లేవి. సంబంధం ఏం రాయాలమ్మా?" అన్నాడు.

"మా అన్న కొడుకు సార్. బావ అని రాయి. రేపు మాకు అల్లుడయ్యేటోడు."

గుమాస్తా నవ్వాడు. నేను తల దించుకున్నాను. సిగ్గుతో కాదు, నవ్వు దాచుకోవడానికి. నాకు లేవి అంటే ఇష్టం. ఈ ముక్క ఇప్పుడే చెప్పేస్తున్నా, తర్వాత చెబితే మీరు నమ్మరు.

లేవి మా మేనమామ యేసుప్రసాద్‌కు ఒక్కడే కొడుకు. నాకన్నా రెండేళ్ళు పెద్ద. కోసిగిలో బండ్లు రిపేరు చేసే షెడ్డులో పని. వాళ్ళ ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడకు రెండు పక్కలు. అవ్వ మా అమ్మకూ, మామకూ కూడా తల్లే, కాబట్టి మా ఇద్దరికీ ఒకే అవ్వ. ఈస్టర్ అయిన వారం ప్రధానం చేసి, నాకు పద్దెనిమిది నిండాక పెళ్ళి చెయ్యాలని అమ్మా మామా ఎప్పుడో అనుకున్నారు. సుగ్గికి పోయేటప్పుడు వయసులో ఉన్న పిల్లను బావ వరసవాడికి అప్పజెప్పి పోవడం మా వీధిలో కొత్త కాదు. బయటివాళ్ళ కన్ను పడకుండా ఇంటివాడే కాపలా. ఇంక భయమేముంది?

లారీ దగ్గర అమ్మ నా చేయి తీసి లేవి చేతిలో పెట్టింది. "చూసుకో నాయనా. తినకపోతే తిట్టు. చదవకపోతే రెండు వెయ్యి" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

లారీ వెనక చెక్క మీద కూర్చుని అమ్మ చాలా దూరం నన్నే చూసింది. చిన్నప్పుడు ఐదేళ్ళు నేనూ ఆ చేలల్లో కూలీలు వేసుకునే గుడారాల్లోనే పెరిగాను. మిరప కోసిన చేతులు ఎంత కడిగినా మండుతాయి. అందుకే అక్కడ తల్లులు బిడ్డను ఎత్తుకునే ముందు వేలు తమ కంటికి ఆనించుకుని చూస్తారు. కన్ను మండితే బిడ్డను ముట్టుకోరు. సాయంత్రాలు అమ్మ నా ముందు నిలబడి, ఎత్తుకోకుండా, కళ్ళ నీళ్ళు కారుతుంటే నన్ను చూసి నవ్వేది. మిరప అంటే నాకు అదే గుర్తు.

* * *

మొదటి పది రోజులు బాగానే గడిచాయి. పొద్దున లేవి బండి మీద కాలేజీకి, సాయంత్రం బండి మీద ఇంటికి. దారిలో శనక్కాయలు కొనిచ్చేవాడు. వెనక కూర్చుని నేను వాగుతూనే ఉండేదాన్ని. "నీ నోటికి బ్రేకులు లేవు మే, నా షెడ్డుకు తెస్తే వేసిస్తా" అనేవాడు. నాకు ఆ మాట ఎంత నచ్చిందో!

పదకొండో రోజు సాయంత్రం పత్తిచేల దగ్గర బండి ఆపాడు. అటూ ఇటూ ఎండిపోయిన పత్తికట్టె. మనిషి లేడు.

"మధ్యాహ్నం ఫోన్ బిజీ వస్తాండె. ఎవురితో మాట్లాడుతాంటివి?"

"సుజనతో. రికార్డు బొమ్మల గురించి."

"అర్ధగంటనా?"

"బొమ్మలు పద్నాలుగు ఉండాయి బావా. నువ్వొచ్చి గీస్తావా?"

ఇది నేను మామూలుగా మాట్లాడే తీరే. వాక్యం పూర్తయిందో లేదో, చెంప మీద పడింది. చెవిలో గుయ్ మంది. దవడ లోపల పన్ను గుచ్చుకుని నోరంతా ఉప్పగా అయింది. నాకు మొదట కోపం రాలేదు. ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూశాను. అదే నాకు ఇప్పటికీ మండుతుంది.

నేను రక్తం ఉమ్మేసరికి లేవి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఏడ్చాడు, నిజంగా ఏడ్చాడు. "మా అమ్మానాయనా నా చిన్నప్పటి నుంచి ఇట్లనే వదిలి పోతాండారు మే. నాకుండేది నువ్వొక్కతివే. నువ్వు గూడా పోతావేమోనని..." అన్నాడు. వాడిది అబద్ధం కాదు. ఆరేళ్ళప్పటి నుంచి సుగ్గి నెలల్లో వాడు వలస పిల్లల హాస్టల్లో ఉన్నాడు. నేనే వాడి తల నిమిరి, ఊరుకో బావా అన్నాను. దెబ్బ తిన్నది నేను, ఓదార్చిందీ నేనే. ఎంత తిక్కదాన్నో చూడండి.

తర్వాత జేబులోంచి గుట్కా ప్యాకెట్టు తీసి చించాడు. "దవడ కింద పెట్టుకో. నొప్పి తెలీదు. మింగద్దు."

పెట్టుకున్నాను. తల తిరిగింది, వాంతి వచ్చేట్టయింది, కానీ నొప్పి నిజంగానే తెలియలేదు.

* * *

ఆ వారంలోనే నా ఫోను వాడి జేబులోకి పోయింది. పరీక్షలు కదా, చదువు పాడవుతుందని. అవ్వ కూడా, "మంచి పని చేస్తివి నాయనా" అంది. ఆ తర్వాత సుజన నా పక్కన కూర్చోవడం మానేసింది, ఎందుకంటే లేవి గేటు దగ్గర ఆపి ఆమెను ఏదో అన్నాడు. ఏమన్నాడో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. మధ్యాహ్నం అందరూ చెట్టు కింద క్యారియర్లు విప్పితే నేను ల్యాబు వెనక్కు పోయి దవడ కింద ప్యాకెట్టు పెట్టుకుని కూర్చునేదాన్ని. అది ఉంటే ఆకలి కాదు. ఇంటికొచ్చాక క్యారియరు వీధి కుక్కకు పెట్టేసేదాన్ని. మా వీధి కుక్కలకు ఆ సుగ్గిలో మంచి కండ పట్టింది.

ఆదివారం చర్చి అయ్యాక, చేల దగ్గరి ఊర్లోకి వచ్చి అమ్మ ఫోను చేసేది, లేవి ఫోనుకు. వాడు స్పీకరు పెట్టి మంచం మీద ఫోను పెట్టి, పక్కనే కూర్చునేవాడు.

"తింటివా మే?"

"తింటినమ్మా."

"ఏం కూర?"

"పప్పు."

"ఏం, ఇంత తక్కువ మాట్లాడుతాండావు? ఒంట్లో బాగలేదా?"

లేవి నా వైపు చూసేవాడు. నేను, "బాగుండాది అమ్మా, పరీక్షలు కదా" అనేదాన్ని.

"నీ కోడలికి నోరు తగ్గింది వదినా, పెద్దదైపోయింది" అని అమ్మ అక్కడ పక్కనున్న మామ భార్యతో సంతోషంగా అనడం వినపడేది. ఫోను పెట్టేశాక ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండేదో చెప్పలేను. వీధిలోకి వచ్చి చూస్తే వరసగా కంప పెట్టిన తలుపులు. ఏసన్న పెద్దనాయనోళ్ళ ఇల్లు, దీనమ్మ ఇల్లు, పాస్టరుగారి తమ్ముడి ఇల్లు. ఒక్కో తలుపు ముందు ఆగి, ఈ తలుపు వెనక మనిషి ఉంటే చెబుతానా అని నన్ను నేను అడిగేదాన్ని. ఉన్నా చెప్పేదాన్ని కాదేమో. లేరు కాబట్టి చెప్పలేదని అనుకోవడం సులువు.

ఒకరోజు తల దువ్వుతూ అవ్వ నా భుజం దగ్గర ఆగిపోయింది. నాలుగు వేళ్ళ గుర్తులు అక్కడ నల్లగా కమిలి ఉన్నాయి.

"లేవినా?" అంది.

అవ్వ లేచి పోయి, పెనం మీద ఉప్పు వేయించి, గుడ్డలో మూటగట్టి తెచ్చింది. మెల్లగా కాపడం పెట్టింది. ఆ చేతులు ఎంత మెత్తగా ఉన్నాయో.

"మీ తాత నన్ను కొట్టలేదా? కొట్టి, మళ్ళీ ఆయనే కాపడం పెట్టేటోడు. మొగోనికి చెయ్యి ఆగదు మే. పెండ్లయితే సర్దుకుంటాది."

"సర్దుకునెనా తాత?"

అవ్వ ఉప్పుమూట తిప్పి పెట్టింది. "సచ్చిపాయ" అంది.

నాకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత నవ్వాను. అవ్వ నవ్వలేదు.

"మీ అమ్మకు చెప్పద్దు. దానికుండేది ఒకే అన్న. నీ ఒక్క మాటతో వాళ్ళిద్దరూ విడిపోతారు. నేను సచ్చినా ఇద్దరూ కల్సి మోయరు. ఆ పాపం నీకెందుకు మే?"

అప్పటినుంచి నాకు అదే పట్టుకుంది. చెబితే అమ్మకు అన్న ఉండడు. చెప్పకపోతే ఈస్టర్ తర్వాత ప్రధానం. మామ నాకు కొత్త చీర, బైబిలు పెడతాడు, లేవి వేలికి ఉంగరం తొడుగుతాడు, ఇంక నేను వాడి మనిషిని. రోజులు వేళ్ళ మీద పెట్టుకునేదాన్ని. లేవికి వీలుకాక కాలేజీకి నడిచి పోయే రోజు రైలుగేటు వేసి ఉన్నా కింద దూరి దాటేదాన్ని. ముందు రెండు వైపులా చూసేదాన్ని. తర్వాత ఒక వైపే చూసేదాన్ని. గేటుమేన్ ఒకరోజు, "సావాలని ఉండాదా పాపా?" అని అరిచాడు. నాకు జవాబు తెలియలేదు.

* * *

ఫిబ్రవరిలో వృక్షశాస్త్రం ప్రాక్టికల్స్. వేరును బ్లేడుతో పలచగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టాలి. నేను కన్ను ఆనించాను. గుండ్రటి వెలుగు కనపడింది, అది మెల్లగా చిన్నదైపోయింది. కళ్ళు తెరిచేసరికి నేల మీద ఉన్నాను. లెక్చరర్ సార్ నా సంచీలో నీళ్ళ సీసా కోసం వెతికి, మూడు ఖాళీ గుట్కా ప్యాకెట్లు బయటికి తీశాడు.

"ఆడపిల్లవా నువ్వు?" అన్నాడు. గుమాస్తాను పిలిచి, "ఇంటికి ఫోన్ చెయ్యి" అన్నాడు.

గుమాస్తా రిజిస్టర్ తెరిచాడు. నేను వద్దు సార్ అందామనుకున్నా, నాలుక ఆడలేదు. పావుగంటలో లేవి వచ్చాడు. చేతులకు గ్రీజు, ముఖంలో ఎంత కంగారు! సార్ వాడికి కుర్చీ వేయించి, ప్యాకెట్లు చూపించాడు.

"పెద్దోళ్ళు ఊర్లో లేరంట. నువ్వు కాస్త భయం పెట్టప్పా. చేయి దాటిపోతాండాది."

"నేను చూసుకుంటా సార్" అన్నాడు లేవి. ఆ ప్యాకెట్లు వాడు కొనిచ్చినవే. వాడు నా వైపు చూడలేదు.

రైలుగేటు దాటాక బండి ఆపాడు. ఆ సాయంత్రం గురించి నేను ఎక్కువ చెప్పను. నలుగురిలో పరువు తీస్తివి అని ఒక్కో మాటకు ఒక్కో దెబ్బ. ఈసారి వాడు ఏడవలేదు. వాడికిప్పుడు ఏడవాల్సిన పని లేదు, కాలేజీయే చెప్పింది కదా భయం పెట్టమని. అమ్మ చెప్పింది, అవ్వ చెప్పింది, సార్ చెప్పాడు. అందరూ కలిసి నన్ను వాడి చేతిలో పెట్టారు. నేను పట్టాల వైపు చూస్తూ, ఒకటే అనుకున్నాను. ఇంక నా కోసం ఎవరిని పిలిచినా వచ్చేది వీడే.

* * *

పది రోజుల తర్వాత కాలేజీకి నర్సు వచ్చింది, ఆడపిల్లలకు రక్తపరీక్ష చేసి ఐరన్ మాత్రలు ఇవ్వడానికి. పేరు శివకుమారి. లావుగా, కళ్ళద్దాలు ముక్కు చివర పెట్టుకుని, అందరినీ కసురుతూ ఉంటుంది. నా వేలు పొడిచి, యంత్రం చూసి, మళ్ళీ పొడిచింది.

"ఏడున్నర. ఎట్ల నడుస్తాండావు పాపా నువ్వు? నోరు తెరువు."

తెరిచాను. పళ్ళు ఎర్రగా గార పట్టి ఉన్నాయి. దవడ లోపల తెల్లటి మచ్చ. ఇంక మొదలవుతుంది తిట్ల పురాణం అని చూస్తున్నాను.

"ఎప్పట్నుంచి?" అంది.

"సుగ్గి నుంచి."

"మొదట్ల ఎందుకు పెట్టుకుంటివి?"

"పన్ను నొప్పికి."

"పన్ను ఎందుకు నొచ్చె?"

ఇంతవరకూ గుట్కా గురించి నన్ను తిట్టినవాళ్ళే. ఎవరూ ఇంత వెనక్కు పోయి అడగలేదు. నేను నా చేతి వేళ్ళు చూసుకుంటూ కూర్చున్నాను. వేలి మీద రక్తపు చుక్క ఇంకా ఆగలేదు. ఆమె దూది పెట్టి నొక్కి, లేచి పోయి తలుపు మూసింది. బయట వరసలో ఉన్న పిల్లలు గోల చేస్తే, "ఆగండే!" అని ఒక్క కేక వేసి వచ్చి కూర్చుంది.

"చెప్పకపోతే మానె. కానీ ఇంత తక్కువ రక్తంతో నేను ఊరికే పంపలేను. ఇంటికి ఫోన్ చేయాల. రిజిస్టర్‌లో ఒక నంబరు ఉండాది. దానికే చేయాల్నా, వేరేది ఉండాదా?"

"దానికి వద్దు" అన్నాను.

అంతే. ఆ రెండు మాటలే. ఇంతకన్నా పెద్దగా ఏదో జరుగుతుందని, అరుస్తానని, ఏడుస్తానని నేను అనుకునేదాన్ని. ఏమీ జరగలేదు. శివకుమారి మేడం కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది, అంతే.

"ఐతే ఏ నంబరు?"

మా గుంపును కూలికి తీసుకుపోయిన, చేల గట్టున కూడా ఫోను పలికే మేస్త్రి వీరభద్ర నంబరు, అమ్మ పోయేముందు బొగ్గుతో మా వంటగోడ మీద రాసింది. రెండు నెలలు ఒక్కదాన్నే ఆ గోడ ముందు కంచం పెట్టుకుని కూర్చున్నాను. అన్నం దిగేది కాదు, అంకెలు చదివేదాన్ని. చూడకుండా చెప్పాను. ఆమె చేసింది. మేస్త్రి చేల గట్టున అమ్మను పిలవడం, గాలి, ఎవరో నవ్వడం, అన్నీ వినపడ్డాయి.

"జీవితా? ఏమైంది మే?"

పక్కన లేవి లేడు. అయినా నాకు మాట రాలేదు. మేడం ఫోను తీసుకుని, "అమ్మా, పాపకు రక్తం శానా తక్కువ ఉండాది. ఒంటి మీద దెబ్బలు గూడా ఉండాయి. నువ్వొక్కదానివే రా. ఇంకెవురికీ చెప్పద్దు" అంది. నా పుస్తకం అట్ట మీద పిల్లల సహాయం నంబరు 1098 రాసి, "మీ అమ్మ రాకపోతే ఇది. ఇది గూడా కాకపోతే నేను" అని కింద తన నంబరు రాసింది.

* * *

మూడో రోజు పొద్దున అమ్మ రైలు దిగి ఇంటికి వచ్చింది. పాపకు జ్వరం అని మామతో చెప్పి వచ్చిందట. ఎండకు నల్లబడి, సన్నబడి, గుమ్మంలో నిలబడింది. రెండు చేతులూ ఒంటికి తగలకుండా పక్కలకు పెట్టుకుని ఉంది. నేను దగ్గరికి పోబోతే వెనక్కు జరిగింది.

"ఆగు మే. రైలెక్కేదాకా కోస్తాంటి. చేతులు మండుతాండాయి. నువ్వే చూపించు."

చూపించాను. నోరు, భుజం, చెవి వెనక, వీపు. అమ్మ చుట్టూ తిరిగి చూసింది. ఒకసారి వేలు తన కంటికి ఆనించుకుంది. కన్ను గట్టిగా మూసుకుని, చేయి మళ్ళీ దూరంగా పెట్టేసింది.

"ఎన్నిసార్లు?"

"తెలీదమ్మా."

మంచం మీదున్న అవ్వ, "పెద్దది చేయద్దు రూతమ్మా. రేపు పెండ్లి చేసుకునేటోళ్ళు. పిల్లగూడా గుట్కా మరిగింది, వానికి కోపం రాదా?" అంది.

అమ్మ అప్పటికే గుమ్మం దిగింది. గోడ అవతలికి పోయింది. లేవి వాకిట్లో పళ్ళు తోముకుంటున్నాడు. అమ్మను చూసి చెంబు కింద పెట్టాడు.

"అత్తా, ఎప్పుడొస్తివి? నేనే ఫోన్ చేద్దామనుకుంటాంటి. అది గుట్కా తింటాండాది అత్తా. కాలేజీలో పరువు పాయ. అందుకే రెండు..."

"గుట్కా ఎవురిచ్చిరి?"

వాడు మూతి తుడుచుకున్నాడు.

"పాప ఫోను ఇయ్యి."

ఇచ్చాడు. అమ్మ కొంగు చివరతో పట్టుకుంది. లేవి మోకాళ్ళ మీద కూలబడ్డాడు, పత్తిచేలో కూలబడినట్టే. "నువ్వే గదా అత్తా చూసుకోమంటివి" అని ఏడ్చాడు. అమ్మ అక్కడే నిలబడింది. నాకు వాడి మీద జాలి వేసింది. ఇప్పుడు కూడా వేస్తుంది. జాలి వేరు, బతుకు వేరు అని తెలుసుకోవడానికి నాకు ఆ సుగ్గి అంతా పట్టింది.

"అవునయ్యా, నేనే అంటి" అంది అమ్మ. "తప్పు నాది. ఇంక చూసుకోవద్దు."

ఆ మధ్యాహ్నమే అమ్మ మేస్త్రి నంబరుకు ఫోను చేసి మామను పిలిపించింది. ఇద్దరి గొంతులూ నాకు వినపడుతూనే ఉన్నాయి. "నా కొడుకు సంగతి నాకు చెప్తాండావా? అమ్మ పుట్టింటి గురించి మేనమామకు చెప్పినట్ల!" అన్నాడు మామ. సామెత కూడా ఆయనకే సరిగ్గా అతికింది. అమ్మ, "ప్రధానం లేదన్నా" అంది. అవతల చాలాసేపు గాలి చప్పుడే. తర్వాత మామ, "ఐతే నాకు చెల్లెలు గూడా లేదు" అని పెట్టేశాడు. అమ్మ ఫోనును కొంగులోనే పట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. ముట్టుకోవడానికి లేదు కదా, ఊరికే కూర్చున్నాను.

మరుసటి రోజు కాలేజీకి పోయాం. గుమాస్తా రిజిస్టర్ తీసి, లేవి పేరు మీద గీత కొట్టాడు.

"ఐతే ఎవరి నంబరు రాయాలమ్మా?"

"నాదే."

"మీరు మళ్ళీ సుగ్గికి పోతారు గదా. ఆడ ఫోన్ పలకదంటిరి."

"పోను సార్" అంది అమ్మ. "ఈడనే ఉంటా."

ఆ మాట నేను అప్పుడే వినడం. ఇంటర్ అయ్యేదాకానా, ఎప్పటికీనా, నాయనతో చెప్పిందా, ఏమీ నాకు తెలియదు. గుమాస్తా సంబంధం అనే గడిలో తల్లి అని రాసి, పుస్తకం మూసేశాడు.

* * *

గుట్కా మానడం అనుకున్నంత సులువు కాలేదు. శివకుమారి మేడం వారం వారం నోరు తెరిపించి చూసి, కసిరి, మాత్రలు లెక్కపెట్టి పోయేది. పరీక్షలు రాశాను, అత్తెసరు మార్కులు వచ్చాయి. లేవి బెంగళూరు పోయాడు, అక్కడ ఏదో షెడ్డులో పని అట.

ఈస్టర్ ముందురోజు వీధంతా లారీ దిగింది. కంపలన్నీ తీసి వీధి చివర కుప్ప వేసి కాల్చారు. పొద్దున చర్చి నిండింది. మా చర్చిలో ఈస్టర్ రోజు ఎవరు ఎదురైనా "క్రీస్తు లేచెను" అనాలి, ఎదుటివాళ్ళు "నిజముగా లేచెను" అనాలి. పొలం గట్ల దగ్గర తలలు పగలగొట్టుకున్నవాళ్ళు కూడా ఆ రోజు ఆ మాట అనకుండా పోరు. ఆరాధన అయ్యాక అమ్మ చెప్పులు వేసుకోకుండా గుమ్మం దగ్గర నిలబడింది. మామ వస్తుంటే ఒక అడుగు ముందుకు వేసింది.

"క్రీస్తు లేచెను అన్నా" అంది.

మామ ఆగాడు. పెదవి కదిలింది కూడా, నేను చూశాను. అంతలో ఆయన భార్య వెనకనుంచి వచ్చి చేయి పట్టుకుంది. ఇద్దరూ మెట్లు దిగి పోయారు. ఆయన వెనక అవ్వ కర్ర పట్టుకుని పోయింది. వీధంతా చూసింది. మా నాయన ఎండలో నిలబడి, చెప్పులు వేసుకోవడం మరిచిపోయినట్టు వాటినే చూస్తూ ఉన్నాడు. అమ్మతో ఎవరూ మాట్లాడలేదు. అమ్మ ఇంకా కాసేపు గుమ్మంలోనే ఉంది, ఎవరైనా జవాబు చెబుతారేమోనని.

"నిజముగా లేచెను అమ్మా" అన్నాను నేను. నా గొంతు నాకే కొత్తగా, గట్టిగా వినపడింది.

ఇంటికి వచ్చాక అమ్మ నన్ను వెలుతురులో కూర్చోబెట్టింది. "దవడ చూపించు, మచ్చ పోయిందా?" అంది. ముట్టుకునే ముందు అలవాటుగా వేలు తన కంటికి ఆనించుకుంది. రెండు కళ్ళ నుంచీ నీళ్ళు కారిపోయాయి.

"ఇంకా మండుతాందామ్మా?"

"ఆ. ఇంగా పోలేదు మే."

అమ్మ మిరపకాయ ముట్టుకుని అప్పటికి ఏడు వారాలు దాటింది. నేను ఆ మాట అనలేదు. అమ్మ చేయి నా చెంప మీద పెట్టింది, చల్లగా ఉంది.